ఒక్కతే ఎందుకు పోయింది

నెల మొదటి ఆదివారం నేను జగిత్యాల నుంచి సిరిసిల్లకు పోతాను. వేములవాడలో బస్సు మారాలి. ఎక్కింది మొదలు దిగేదాకా రెండు గంటల పది నిమిషాలు పడుతుంది. ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను, అందులో ఆఖరి తొమ్మిదేళ్ళు సిరిసిల్లలోనే. అప్పట్లో నాతో పనిచేసిన సైన్సు సారు రిటైరైన తర్వాత ఒక సంఘం హాలు అడిగి తీసుకుని నెలకొక సినిమా చూపిస్తున్నాడు. టికెట్టు లేదు. వచ్చేవాళ్ళంతా ఆ చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్ళు, నూలు కండెలు చుట్టేవాళ్ళు, సాంచాలు నడిపి నడిపి మానేసిన ముసలివాళ్ళు. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అంటారు.

ఆ హాల్లో నాకు రెండు పనులు. బయటి దేశపు సినిమా అయితే తెర అడుగున పడే ఇంగ్లీషు మాటలను తెలుగులో పైకి చదవాలి. సినిమా అయ్యాక ఎవరేమన్నారో నోటుబుక్కులో రాయాలి. తారీఖు, వచ్చినవాళ్ళ సంఖ్య, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఆ కింద ఒక్కొక్కరి మాట. నా సొంత మాట కలపను. చదివేటప్పుడు కూడా ఉన్నదే చదువుతాను. "టీచరమ్మ సినిమా చెప్తే హాజరు తీసుకున్నట్టుంటది" అని ఒకామె అన్నది. దాన్ని కూడా రాసుకున్నాను.

నేను చెప్పబోయే ఆదివారం నాలుగో తారీఖు. ఆ రోజు మా చెల్లెలి కూతురు నా వెంట వచ్చింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, నర్సింగ్ చదివింది. చెల్లెలు పోయి నాలుగేళ్ళయింది, తండ్రి మస్కట్‌లో ఉంటాడు. కోరుట్లలో ఇచ్చాము. భర్త దుబాయిలో ఆరేళ్ళు పనిచేసి వచ్చి కోరుట్లలోనే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఆదివారానికి రెండు నెలల ఆరు రోజుల ముందు ఆమె ఒక చేతిసంచితో మా ఇంటికి వచ్చింది. వచ్చిన తారీఖు, బస్సు దిగిన సమయం, సంచిలో ఉన్న బట్టలు ఎన్నో నా డైరీలో ఉన్నాయి. ఎందుకు వచ్చిందో మాత్రం లేదు. నేను అడగలేదు. ఒకటి రెండుసార్లు తనే మొదలుపెట్టింది. "ముందు అన్నం తిను బిడ్డ, తర్వాత చెప్పుదువు" అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. పదో తారీఖు శనివారం లోపల అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. అవన్నీ ఒక ఫైలులో కోరుట్లలో, భర్త దగ్గర ఉండిపోయాయి. ఆమె ఫోను చేస్తే అతను ఇస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు. "ఒక్కదానివే రా. ఒక్కసారి మాట్లాడి ఇచ్చేస్త. పెద్దమనుషులను తోల్కొని వస్తే మాత్రం ఇయ్య. మా అమ్మ గూడ ఇంట్లనే ఉంటది" అన్నాడు.

ఏం చేయాలని ఆమె నన్ను అడిగింది. పెద్దమనుషులను కూర్చోబెడితే నెలలు పడుతుంది, పోలీసుల దగ్గరికి పోతే ఇంకా ఎక్కువ. గడువు ఎనిమిది రోజులు. నేను క్యాలెండరు చూసి బుధవారం, ఏడో తారీఖు, పదింబావు బస్సు అని నిర్ణయించాను. "గంట పని బిడ్డ. పోయి తెచ్చుకో" అన్నాను. "సరే పెద్దమ్మ" అన్నది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె సరిగ్గా తినలేదు. ఇంట్లో ఉంటే ఇదే ఆలోచిస్తుందని సిరిసిల్లకు వెంటబెట్టుకుపోయాను.

హాల్లో కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టారు. మధ్యాహ్నం మూడు గంటలు. వచ్చినవాళ్ళు ముప్పై నలుగురు. సారు తెర ముందు నిలబడి చెప్పాడు.

"ఇది స్పెయిన్ దేశపు సినిమా. ఫ్లమెంకో అని వాళ్ళ దేశపు ఆట ఒకటున్నది, కాళ్ళతోని నేలను గట్టిగ కొట్టుకుంట ఆడుతరు. కథ మాత్రం పాతది. ఒక ఒపెరా కథ."

"ఒపెరా అంటేంది సారూ?"

"పాటలతోని నడిచే నాటకం."

"మన యక్షగానం అసొంటిదా?"

"గసొంటిదే అనుకో. ఆ పాటల కథను వీళ్ళు ఆటతోని చెప్పిన్రు. మాటలు తక్కువ."

"అయితే టీచరమ్మకు ఇయ్యాల ఛుట్టి" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

మొదటి దృశ్యమే పొగాకు కార్ఖానా. పొడుగు బల్లల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని చుట్టలు చుడుతున్నట్టు చేతులు ఆడిస్తూ, బల్లలను అరచేతులతో కొడుతూ పాడుతున్నారు. నా ముందు వరుసలో యాభై దాటిన ఒకామె ఉన్నది. పదేళ్ళ వయసు నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తున్న మనిషి, ఆ వాడలో అందరికీ అక్క.

"అగో, మనోళ్ళే!" అన్నది ఆమె.

"మనోళ్ళయితే చాటేదక్కా? ఆకేది?"

"ఒట్టి చేతులతోని ఏం చేస్తున్నరే? గట్ల గెంతుకుంట చేస్తే పొద్దుమూకినా కట్ట కాదు."

ఇవన్నీ చీకట్లోనే రాసుకున్నాను. నోటుబుక్కులో ఆ పేజీలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

తర్వాత ఆట మొదలైంది. ఒక మనిషి రెండు కాళ్ళతో అంత చప్పుడు చేయగలదని నేను అనుకోలేదు. మెల్లగా మొదలై, వేగం పెరిగి, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీ లేకుండా పోతుంది. లెక్కపెట్టబోయి ఓడిపోయాను. ఒగ్గుకథ చెప్పేవాళ్ళ అడుగులతో పోల్చింది ఒకామె. గోడవారన కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళు సాంచాలు నడిపి చెవులు మందగించిన మనిషి. "ఎనిమిది సాంచాలు ఒక్కపారి నడిచినట్టున్నది" అన్నాడు, పక్కవాడికి చెబుతున్నానని అనుకుంటూ హాలంతటికీ వినబడేటట్టు.

కథ సులువైనదే. కార్ఖానాలో పనిచేసే ఒకామె ఎవరికీ లొంగని మనిషి. కాపలా ఉండే అతను ఆమె మీద మనసుపడి, కొలువు పోగొట్టుకుని ఆమె వెంట తిరుగుతాడు. కొన్నాళ్ళకు ఆమెకు అతని మీద మనసు విరుగుతుంది. నీతో ఉండను అంటుంది. అతను వినడు. చివరికి ఊళ్ళో జాతర జరుగుతున్న రోజు కబురు పెడతాడు. తెర అడుగున ఇంగ్లీషులో పడిన ఆ మాటను నేను ఎప్పటిలాగే పైకి చదివాను.

"ఒక్కదానివే రా. ఒక్కసారి మాట్లాడితే చాలు."

చదివి ముగించాకగానీ ఆ మాట అంతకుముందు ఎక్కడ విన్నానో తట్టలేదు. నా పక్కన మా పిల్ల చున్నీ అంచును మడత పెడుతూ, విప్పుతూ ఉన్నది.

తెర మీద ఆమె ఒక ఖాళీ గదిలోకి పోయింది. అతను ఎదురొచ్చాడు. ఇద్దరూ ఆడటం మొదలుపెట్టారు. అతను దారికి అడ్డం వస్తాడు, ఆమె పక్కకు తప్పుకుంటుంది. చప్పుడు పెరిగి పెరిగి హాల్లో కుర్చీలు అదిరాయి. ఉన్నట్టుండి ఆగిపోయింది. అడుగు లేదు, చప్పట్లు లేవు, పాట లేదు.

గోడవారన ఉన్న పెద్దాయన దిగ్గున లేచాడు. "కరెంట్ పోయింది!"

ఆయన వెనక ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు లేచారు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే కరెంటు పోయినట్టే, చీకట్లో కాలుచెయ్యి యంత్రంలో పడకుండా ముందు కిటికీ తెరవాలి. వాళ్ళకు అది ఒంట్లో పట్టిన అలవాటు. కిటికీ పక్కన ఉన్న, కండెలు చుట్టే ఆమె కూడా ఆలోచించకుండా దుప్పటి లాగి రెక్కలు బార్లా తెరిచింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా తెర మీద పడింది. బొమ్మ మాయమైంది, తెల్లగుడ్డ మిగిలింది.

"పోలే, పోలే! కరెంటున్నది! కిటికి ముయ్యుండ్రి!" అని సారు అరిచాడు.

మూసేసరికి తెర మీది ఆమె నేలన పడి ఉన్నది.

"ఏమైంది? కాలు జారిందా?"

"సచ్చిపోయినట్టున్నది గదనే."

"ఎవ్వలు సంపిన్రు?"

"గాయనే. ఇంకెవ్వలున్నరు గాడ?"

"నువ్వు సూసినవా?"

"మామ సూడనిచ్చిండా? ఓ మామా, సాంచాలు ఇడిసిపెట్టి పదేండ్లాయె. ఇంక కరెంటుకు కావలి గాస్తున్నవా?"

పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు. "సప్పుడు ఆగితే కూసోబుద్ధి కాదు బిడ్డా. నేనేం జెయ్య" అన్నాడు.

అందరూ మళ్ళీ చూపించమన్నారు. సారు నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పాడు. ఈసారి ఏం జరగబోతున్నదో ముప్పై నలుగురికీ తెలుసు. పెద్దాయన రెండు చేతులతో కుర్చీని పట్టుకుని కూర్చున్నాడు. కబురు మాట మళ్ళీ వచ్చింది. నేను మళ్ళీ చదవాలి. "ఒక్కదానివే" వరకు చదివాను. మిగిలింది చదవలేదు. ఎందుకు ఆగావని ఎవరూ అడగలేదు, అప్పటికే వాళ్ళకు ఆ మాట వచ్చేసింది.

ఆమె గది గడప దాటబోతుండగా ముందు వరుస అక్క చెయ్యెత్తింది. "సారూ, జర ఆపుండ్రి."

బొమ్మ ఆగింది. అక్క లేచి తెర దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించింది. గది తలుపు అవతల జాతర. కార్ఖానా ఆడవాళ్ళందరూ రంగుబట్టలు కట్టుకుని అక్కడే ఆడుతున్నారు. మొదటిసారి నేను చదవడంలో పడి వాళ్ళను చూడనేలేదు.

"అగో, అందరు గీడనే ఉన్నరు. తలుపు అవుతలనే. ఒక్కతే ఎందుకు పోయింది?"

సినిమా పూర్తయ్యాక మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆట బాగుందనీ, పాట అర్థం కాకపోయినా ఏడుపొచ్చిందనీ అన్నవాళ్ళు ఆరుగురు. మిగిలినవాళ్ళు ఇట్లా మాట్లాడారు.

"వాని కాడ కత్తున్నదని ఆమెకు ఎరుకలేదేమో."

"కత్తి ఎరుకలేకపోతేంది? మనిషి ఎరుకలేదా?"

"ఆమెది గూడ తప్పున్నది. వాని బతుకు ఆగం జేసింది."

"తప్పుంటే? తప్పుకు కత్తా?"

"పోకపోతే భయపడ్డదంటరని పోయుంటది. మొండిది గద."

అక్క అందరి మాటా అయిందాకా ఆగి అన్నది. "నేను చెప్పేది రాస్తవా టీచరమ్మా? మేము కార్ఖానకు బీడీలు అప్పజెప్ప పోతం. నాకు నలభై ఏండ్ల నుంచి పని. ఇయ్యాలటికి ఒక్కదాన్ని పోలే. ఒక్కతే పోతే బీడీలు చూసేటాయన గీ కట్ట బాగలేదు, గా కట్ట బాగలేదని పక్కకు పడేస్తడు. ముగ్గురం పోయి ఎదురుంగ నిలబడితే గదే చెయ్యి మంచిగ నడుస్తది. వాడు చెడ్డోడని గాదు. ఒక్కతుంటే మనిషి బుద్ధి ఎట్లనో అయితది. బీడీ కట్టలకే ఒక్కదాన్ని పోను నేను. ఈమె పానం తీసుకొని ఒక్కతే పోయిందా?"

నేను రాశాను.

వరుసలో తర్వాతి మనిషి మా పిల్ల. కొత్తగా వచ్చినవాళ్ళు మాట్లాడకపోయినా ఫరవాలేదు, సారు అదే చెప్పబోయాడు. ఆమె తల ఎత్తకుండానే అన్నది.

"ఆమెకు గూడ తారీఖు దగ్గర పడ్డదేమో."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పెన్ను మూసి పక్కన పెట్టాను.

అక్క మాత్రం ఆమెనే చూస్తున్నది. "నువ్వేడికి పోవాలె బిడ్డా?" అని అడిగింది. మా పిల్ల నా వైపు చూసింది. ఆ హాల్లో ఏళ్ళ తరబడి అందరి మాటలూ రాశాను తప్ప నా ఇంటి మాట ఒక్కటి చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఫైలు, గడువు, భర్త పెట్టిన షరతు, అన్నీ చెప్పాను. "నేనే పొమ్మన్న" అన్నాను.

అక్క కుర్చీ నా వైపు తిప్పుకున్నది.

"ఎన్నడు?" అన్నది అక్క.

"బుధవారం. పదింబావు బస్సు."

"బస్సు గూడ చూసి పెట్టినవా టీచరమ్మా" అన్నది. ఎగతాళి చేస్తున్న గొంతు కాదు. అదే నాకు ఎక్కువ తగిలింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఎవ్వలెవ్వలొస్తరే? చాటలు తెచ్చుకోండ్రి, పని ఆపుకునేది లేదు" అన్నది.

బుధవారం ఎనిమిదింటికి జగిత్యాల బస్టాండులో అక్కతో కలిపి ముగ్గురు దిగారు. నలుగురు అనుకున్నారట, ఒకామె మనవడికి జ్వరం. ముగ్గురి చంకల్లోనూ పాత చీర ముక్కల్లో కట్టిన చాటలు, తునికాకు, తంబాకు. మేమిద్దరం కలిస్తే ఐదుగురం. పదకొండు గంటల ఐదు నిమిషాలకు కోరుట్లలో దిగాము.

మా పిల్ల భర్త దుకాణం ఇంటికి నాలుగడుగుల దూరంలోనే. పనిరోజైనా షట్టరు దించి ఉన్నది. ఇంటి తలుపు కొడితే అతనే తీశాడు. స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఐదుగురిని చూశాడు.

"ఒక్కదాన్నే రమ్మన్న గద."

"వచ్చినం గదా నాయనా. కాగితాలియ్యి, పోతం" అన్నాను.

"ఆమెను లోపటికి పంపుండ్రి. మాట్లాడి ఇస్త. మీరు గీడనే ఉండుండ్రి."

"లోపటికెందుకు కొడుకా?" అన్నది అక్క. "కాగితాలకు కాళ్ళు లేవు గని నీకున్నయి గద. తెచ్చియ్యి."

అతను మా పిల్లను ఒక్కసారి చూసి తలుపు మూసుకున్నాడు. లోపల గొళ్ళెం పడింది. ఆ చప్పుడుకు మా పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను.

అక్క వాళ్ళు అరుగు మీద కూర్చుని మూటలు విప్పారు. చాటలు ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టారు. మేమిద్దరం వాళ్ళ పక్కన కూర్చున్నాము. అరగంట తర్వాత ఎదురింటామె తన చాట తీసుకుని వచ్చి చేరింది. ఏ ఊరు, ఏ కార్ఖానా అని ముచ్చట పెట్టింది. ఆకు నాణ్యం మీద వాళ్ళకు చాలాసేపు నడిచింది. ఆ మాటల్లోనే నేను అడిగాను, మా పిల్ల అత్త ఇంట్లో పడుకుని ఉన్నదా అని.

"ముసలామెనా? ఆమె ఏడున్నది? నిన్న పొద్దుగాల్లనే నిజామాబాద్ల బిడ్డింటికి పంపిండు. ఆమె పోనంటే గూడ ఇనలే, బస్సెక్కిచ్చి వచ్చిండు."

మా పిల్ల చేతులు ఒళ్ళో కదలకుండా ఉండిపోయాయి. అక్క ఒక బీడీకి దారం చుట్టి తెంపింది, ఇంకో ఆకు తీసుకున్నది.

రెండు గంటల నలభై నిమిషాల వరకు కూర్చున్నాము. లోపల ఒకసారి ఫోను మోగింది, ఒకసారి నీళ్ళ చప్పుడు వినబడింది. తలుపు తెరుచుకోలేదు. చివరికి మా పిల్లే లేచింది. తలుపు దగ్గరికి పోయింది, ముట్టుకోలేదు.

"కాగితాలు నీకాడనే ఉండనియ్యి. నేను మళ్ళ తీసుకుంట" అన్నది. గట్టిగా అనలేదు. లోపలికి వినబడిందో లేదో తెలియదు.

శనివారం గడిచిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఇంకొకరిని తీసుకున్నారు. సర్టిఫికెట్ల నకళ్ళ కోసం దరఖాస్తు పెట్టాము, మూడు నెలలు పడుతుందన్నారు. నా జీవితంలో గడువు తప్పిన పని ఇదొక్కటే. ఒక్కోసారి అనుకుంటాను, ఆమె ఒక్కతే పోయి ఉంటే అతను ఏడ్చి, నాలుగు మాటలు అని, ఫైలు చేతిలో పెట్టి పంపేవాడేమో, ఇప్పుడు ఆమె కరీంనగర్‌లో డ్యూటీ చేస్తూ ఉండేదేమో అని. తల్లిని పంపేశాడు, దుకాణం మూశాడు. ఆ రెండు సంగతుల నుంచి ఏదైనా రుజువైందని పరీక్షలో ఒక బడిపిల్ల రాస్తే నేను మార్కులు వేసేదాన్ని కాదు. అయినా పొమ్మని మళ్ళీ చెప్పగలవా అంటే చెప్పలేను.

ఆ బుధవారం తిరుగు బస్సులో అక్క వాళ్ళు ముగ్గురూ మూటలు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నారు. మేమిద్దరం వాళ్ళ వెనక సీట్లో ఉన్నాము. బస్సు ఊరు దాటాక నేను అడిగాను.

"ఆ ఇంట్ల ఏమైంది బిడ్డ?"

"ఏడికెల్లి చెప్పాలె పెద్దమ్మ?"

"నీకు ఏడికెల్లి చెప్పాలనిపిస్తే గాడికెల్లి చెప్పు."

చెప్పింది. జగిత్యాల వచ్చేదాకా చెప్పింది, పూర్తి కాలేదు. అక్క వాళ్ళను వేములవాడ బస్సు ఎక్కించి వచ్చి ఇద్దరం బస్టాండులోనే ఒక బెంచీ మీద కూర్చున్నాము. ఆమె చెప్పినదాన్ని ఇక్కడ రాయను, అది ఆమె చెప్పుకోవలసిన సంగతి. ఊడ్చే ఆమె వచ్చి కాళ్ళు ఎత్తమంటే ఇద్దరం ఎత్తాము. చీపురు మా కింది నుంచి పోయి అవతలి బెంచీ దాకా వెళ్ళింది, మా పిల్ల చెబుతూనే ఉన్నది.